నానబాలు కాండం కోతలో పాలనాళాలు ఎందుకు కనబడట్లేదు?

గోదావరి_గట్టు (సోమవారం, రాత్రి 9:12)

అందరికీ నమస్తే. నేను బీఎస్సీ ఆఖరి ఏడాది చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం మాకు ఒక్కొక్కరికి ఒక కలుపుమొక్క ఇచ్చారు, నాకు నానబాలు వచ్చింది. రెడ్డివారి నానబాలు అని కూడా అంటారు. శాస్త్రీయనామం యుఫోర్బియా హిర్టా. మా హాస్టల్ గోడ వారన, సిమెంటు పగుళ్లలో ఎంత కావాలంటే అంత ఉంది. ఎర్రటి కాండం, దాని మీద పసుపు నూగు, ఎదురెదురుగా ఆకులు, కణుపుల దగ్గర గుత్తులుగా చిన్న పచ్చటి పూలు. ఎక్కడ తుంచినా పాల బొట్టు వస్తుంది.

సమస్య ఏంటంటే, మూడు రోజులుగా కోతలు కోస్తున్నాను. క్యారెట్ ముక్క మధ్యలో కాండం పెట్టి బ్లేడుతో పల్చగా కోసి, సాఫ్రనిన్ అనే ఎర్రరంగు వేసి చూస్తున్నాను. బాహ్యచర్మం ఒకే వరస, దాని మీద కేశాలు, లోపల వల్కలం, నీళ్లూ ఆహారమూ మోసే నాళికాపుంజాల వలయం, మధ్యలో దవ్వ, అన్నీ చక్కగా కనబడుతున్నాయి. ఆ పాలు ఉండే గొట్టాలు, అంటే పాలనాళాలు, మాత్రం ఎక్కడా లేవు! ఉన్నది ఉన్నట్టు బొమ్మ వేసి రికార్డు చూపిస్తే, "పాలు కారే మొక్కకి పాలనాళాలు లేవా?" అని అడిగి వెనక్కి ఇచ్చేశారు. పుస్తకంలో బొమ్మ చూసి వేసేయమని ఫ్రెండ్స్ అంటున్నారు. నాకు అలా వేయాలని లేదు. శుక్రవారం మళ్లీ చూపించాలి, టెన్షన్‌గా ఉంది. ఎవరైనా చెప్పండి.

కోతల_మాస్టారు (సోమవారం, రాత్రి 10:40)

పుస్తకం చూసి వేయొద్దమ్మా. నువ్వు చూసింది తప్పు కాదు, చూసిన పద్ధతిలో రెండు ఇబ్బందులు ఉన్నాయి.

మొదటిది. బతికున్న మొక్కని బ్లేడుతో కోశావు. కోసిన క్షణంలోనే పాలన్నీ బయటికి వచ్చేశాయి. ఆ ద్రవం నాళంలో ఒత్తిడితో నిండి ఉంటుంది కాబట్టే తుంచగానే బొట్టు కడుతుంది. కోత సూక్ష్మదర్శిని కిందకి వచ్చేసరికి నాళం ఖాళీ. ఖాళీ నాళం పక్కనున్న మృదుకణంలాగే గుండ్రంగా, తెల్లగా కనబడుతుంది. మూడు రోజులూ నీ స్లైడులో అవి ఉన్నాయి, నువ్వు వాటిని మామూలు కణాలు అనుకున్నావు.

రెండోది. అడ్డంగా కోశావు. వల్కలం లోపలి భాగంలో, ఆహారం మోసే పోషక కణజాలాన్ని ఆనుకుని, దవ్వలోనూ ఈ నాళాలు ఎక్కువగా నిలువునా సాగుతాయి. అడ్డుకోతలో నాళం ఒక చుక్క. నిలువుకోతలో అదే ఒక తాడు. తాడుని తెగ్గొట్టి చివర చూస్తే తాడని ఎలా తెలుస్తుంది?

ఇక అసలు ఆ నాళం ఏమిటో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. నీళ్లు మోసే దారునాళం అంటే కణాలు ఒకదానిపై ఒకటి పేర్చుకుని, మధ్య గోడలు కరిగి, చచ్చిపోయి గొట్టమైనవి. నానబాలు పాలనాళం అలా ఏర్పడింది కాదు. అది ఒక్కటే కణం, అదీ ప్రాణంతో ఉన్న కణం. గింజలో పిండం తయారవుతున్నప్పుడే, బీజదళాలు మొలిచే చోట, కొన్ని కణాలు 'మేము పాలకణాలం' అని వేరుపడతాయి. మొక్క పెరుగుతుంటే అవీ పెరుగుతాయి. వాటి కొనలు పక్క కణాల మధ్యనున్న జిగురు పొరని కరిగించుకుంటూ, సందు చేసుకుని ముందుకు తోసుకుపోతాయి, కొమ్మలేస్తాయి, కాండం కొనకి, ఆకులోకి, వేరులోకి వెళ్తాయి. లోపల కేంద్రకం విభజన చెందుతూనే ఉంటుంది కానీ మధ్యలో గోడ మాత్రం కట్టదు. అందుకే ఒకే గొట్టంలో బోలెడు కేంద్రకాలు ఉంటాయి. మొక్క మొత్తంలో పాలు ఉన్నాయంటే, పిండంలో పుట్టిన ఆ కొద్ది కణాలే మొక్కంతా పాకాయన్న మాట. కొత్తగా మధ్యలో పుట్టేవి ఉండవు. నలభై ఏళ్లు పాఠం చెప్పాను, ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ నాకే ఒళ్లు పులకరించేది.

ఇలాంటి వాటిని సంధిరహిత పాలనాళాలు అంటాం, అంటే అతుకులు లేనివి. జిల్లేడులోవీ అతుకులు లేనివే. నానబాలు చేరిన యుఫోర్బియేసీ కుటుంబంలోనిదే అయిన రబ్బరు చెట్టుకి మాత్రం అతుకులున్న నాళాలు. అక్కడ బెరడులో వరసగా కణాలు చేరి, మధ్య గోడలు కరిగి, పక్కవాటితో కలిసి వల అల్లుకుంటాయి. బలురక్కసిలోనూ అతుకులున్నవే, పాలు పసుపుపచ్చన. యుఫోర్బియేసీ ఒక్క కుటుంబంలోనే రెండు దారులున్నాయి కాబట్టి 'పాలుంటే అన్నీ ఒకటే' అని రాయకు.

రేపు పొద్దున ఏం చేయాలో మళ్లీ చెప్తాను, ఇప్పుడు కళ్లు మూతలు పడుతున్నాయి.

తుమ్మిపూలు (మంగళవారం, ఉదయం 6:55)

మాస్టారూ, మీరు చెప్పింది రెండుసార్లు చదివాను. నేను బోటనీ చదవలేదు, ఇంట్లో మొక్కలు పెంచుకుంటాను. మా అమ్మమ్మ బాలింతలకి నానబాలు ఆకు పప్పులో వేసి పెట్టేది, పాలు పడతాయని. పాలున్న మొక్క కాబట్టి పాలిస్తుందని ఆమె నమ్మకం. పులిపిర్ల మీద ఆ పాలు రాసేది కూడా.

నాకు రెండు అనుమానాలు. మా పక్కింటావిడ ఇదే నేల ఉసిరి అంటోంది, రెండూ ఒకటేనా? ఇంకోటి, పోయిన ఏడు మా అబ్బాయి ఆడుతూ ఈ మొక్క తుంచి, ఆ చేత్తోనే కన్ను నులుముకున్నాడు. కన్ను ఎర్రగా వాచిపోయింది, ఒకటే ఏడుపు. దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి పరిగెత్తితే, మొక్క పాలంటే పట్టించుకోకుండా దుమ్ము పడిందని చుక్కల మందు రాసి పంపారు. మర్నాటికి ఇంకా ఎక్కువైంది. వేరే కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే తగ్గింది. అంత చిన్న మొక్కలో అంత ఘాటు ఎక్కడుంటుంది?

ముడిసరుకు_ల్యాబ్ (మంగళవారం, ఉదయం 8:20)

అక్కా, ముందు మీ రెండో ప్రశ్నకి. ఆ పాలలో రబ్బరు లాంటి పదార్థం, ట్రైటర్పీన్లు, ప్రోటీన్లు ఉంటాయి. యుఫోర్బియా మొక్కల పాలకి చర్మాన్ని, అంతకంటే ఎక్కువగా కంటిని మండించే గుణం ఉంది. బ్రహ్మజెముడు పాలు కంట్లో పడితే ప్రమాదమని ఊళ్లలో అందరికీ తెలుసు. నానబాలు చిన్నది కాబట్టి ఎవరూ భయపడరు, కానీ అదీ ఆ ప్రజాతిదే. కంట్లో పడితే వెంటనే పావుగంటయినా ధారగా మంచినీళ్లతో కడిగి, అప్పుడు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మొక్క పాలు పడ్డాయని గట్టిగా చెప్పాలి, వీలైతే కొమ్మ ఒకటి కవర్లో పెట్టుకుని తీసుకెళ్లాలి. పులిపిర్లకి రాయడం కూడా ముఖం మీద, కంటి దగ్గర అసలు వద్దు. బాలింతలకి, గర్భిణులకి డాక్టరుని అడగకుండా లోపలికి ఇవ్వొద్దు.

మొదటి ప్రశ్నకి జవాబు తేలిక. ఆకు తుంచి చూడండి. నేల ఉసిరికి పాలు రావు. పాత పుస్తకాల్లో రెండూ యుఫోర్బియేసీలోనే ఉండేవి, ఇప్పుడు నేల ఉసిరిని ఫిల్లాంథేసీ అనే వేరే కుటుంబంలోకి మార్చారు. నేల ఉసిరి ఆకుల అడుగున వరసగా చిన్న చిన్న కాయలు వేలాడతాయి, నానబాలుకి కణుపు దగ్గర గుత్తిగా ఉంటాయి.

నేను మూలికల ముడిసరుకు పరీక్షించే చోట పనిచేస్తున్నాను. మా దగ్గరికి మొక్క రాదు, పొడి వస్తుంది. ఎండిపోయిన పొడిలో తుంచి చూడ్డానికి ఏముంటుంది? అక్కడ ఈ అంతర్నిర్మాణమే దిక్కు. నానబాలు అని పంపిన పొడిలో మేం వెతికేవి మూడు. ఒకే వరసలో కణాలు పేర్చినట్టుండే కేశాల ముక్కలు. ఈనె చుట్టూ ముదురు పచ్చటి కణాల వలయం ఉన్న ఆకు ముక్కలు. ఎండిన పాలతో నిండిన నాళం ముక్కలు, వాటిలో ఎముక ఆకారంలో పిండి రేణువులు. ఈ మూడోది దొరికితే మాకు ధైర్యం వస్తుంది. ఎందుకంటే అలాంటి పిండి రేణువు ఇంకెక్కడంటే అక్కడ దొరకదు.

గోదావరి_గట్టు (మంగళవారం, మధ్యాహ్నం 1:30)

ఎముక ఆకారంలో పిండి రేణువులా? అది నిజంగా కనబడుతుందా సార్? మా కాలేజీ సూక్ష్మదర్శినిలో 40 వస్తుకటకం ఉంది, అంతే.

ముడిసరుకు_ల్యాబ్ (మంగళవారం, మధ్యాహ్నం 1:52)

అది చాలు. స్లైడు మీద ఒక చుక్క నీళ్లు వేసి, కొమ్మ తుంచి ఆ పాలబొట్టుని దానిలో కలపండి. పల్చటి అయోడిన్ ద్రావణం ఒక చుక్క. మీద కవర్‌స్లిప్. కాంతి తగ్గించి చూడండి. బంగాళాదుంప పిండి రేణువులు గుడ్డులా ఉంటాయి కదా, యుఫోర్బియా పాలలోవి కడ్డీల్లా, రెండు చివర్లా ఉబ్బిన ఎముకల్లా ఉంటాయి. నీలిరంగు పట్టాక స్పష్టంగా తెలుస్తుంది. చేతికి గ్లౌజు, ఆ చేయి మొహానికి పెట్టొద్దు. తాజా పాలతోనే చేయండి. వేడి చేస్తే రేణువులు ఉబ్బి ఆకారం పోతుంది.

కోతల_మాస్టారు (మంగళవారం, మధ్యాహ్నం 2:15)

బాగా చెప్పారు. ఆ పిండి గురించి ఒక వింత ఉంది. పిండి అంటే మొక్క దాచుకున్న తిండి అని మనం చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం. యుఫోర్బియా హెటిరోఫిల్లా మీద చేసిన ప్రయోగాల్లో పాలనాళాల్లోని పిండిని మొక్క తిరిగి వాడుకోవట్లేదని తేలింది. అంటే అది తిండి కాదు. గాయం అయినప్పుడు కన్నం పూడ్చడానికి అడ్డుపడే సామాను లాంటిది కావచ్చని కొందరి అభిప్రాయం. నాకూ అదే సబబు అనిపిస్తుంది.

ఇప్పుడు అమ్మాయికి పద్ధతి. మొక్కని కోసి కాదు, వేళ్లతో సహా మెల్లగా పెకలించు. కడిగి, మొత్తంగా ఎఫ్.ఏ.ఏ.లో ముంచు: 70 శాతం ఆల్కహాలు 90 పాళ్లు, ఫార్మలిన్ 5, గ్లేసియల్ అసిటిక్ ఆమ్లం 5. ఇది కలిపేటప్పుడు ల్యాబ్‌లో గాలి వచ్చే చోట, మీ డిమాన్‌స్ట్రేటర్ పక్కన ఉండగా కలుపు, ఫార్మలిన్ ఆవిరి మంచిది కాదు. కనీసం ఒక రోజు ఉంచితే పాలు నాళంలోనే గడ్డకట్టి నిలిచిపోతాయి. అప్పుడు కోయి. అడ్డుకోతలు నాలుగు, నిలువుకోతలు పది. నిలువుకోత కష్టం, మధ్యలోంచి కాకుండా కొంచెం పక్కగా, వల్కలం మీదుగా వెళ్లాలి. సూడాన్-3 ఉంటే వెయ్యి, పాలలోని కొవ్వు లాంటి పదార్థాలు నారింజ రంగు పట్టి నాళం మొత్తం గీతలా తేలుతుంది. అది లేకపోతే సాఫ్రనిన్‌తోనే చూడు. గడ్డకట్టిన పాలు రేణువులు రేణువులుగా కనబడతాయి. నాళం గోడ పక్క కణాల గోడల కంటే మందంగా ఉంటుంది, అదొక గుర్తు.

డల్లాస్_పెరడు (మంగళవారం, రాత్రి 11:05)

ఇక్కడ టెక్సాస్‌లో మా ఇంటి ముందు కాంక్రీటు పగుళ్లలో ఇలాంటిదే నేలకి అంటుకుని పాకుతూ ఉంటుంది, ఆకు మధ్యలో ఎర్రమచ్చ. దాన్ని స్పాటెడ్ స్పర్జ్ అంటారు, యుఫోర్బియా మాక్యులేటా. తుంచితే అవే తెల్లటి పాలు. మా నాన్నగారు మొన్న వచ్చినప్పుడు చూసి "ఇదేంట్రా, మన నానబాలు తమ్ముడిలా ఉంది" అన్నారు. నిజానికి నానబాలుదీ అమెరికా ఖండాల వేడి ప్రాంతమే పుట్టిల్లు. మన దగ్గరికి వచ్చి మన మూలిక అయిపోయింది.

ఇందాక ఒకరు ఈనె చుట్టూ పచ్చటి కణాల వలయం అన్నారు కదా. అది చూడ్డానికి సూక్ష్మదర్శిని కూడా అక్కర్లేదు. ఒక లేత ఆకు తుంచి వెలుతురుకి ఎదురుగా పట్టుకుని, మామూలు భూతద్దంతో చూడండి. మామూలు ఆకుల్లో ఈనెలు లేతగా, మిగతాది పచ్చగా ఉంటుంది. ఇందులో తిరగేసి ఉంటుంది. ఈనెలే ముదురు పచ్చగా, వలలా కనబడతాయి. నేను మొదటిసారి చూసి, మా అమ్మాయిని నిద్ర లేపి మరీ చూపించాను.

కోతల_మాస్టారు (బుధవారం, ఉదయం 7:10)

మీకు చూసే కన్ను ఉందండీ. దాన్ని క్రాంజ్ నిర్మాణం అంటాం. జర్మన్ భాషలో క్రాంజ్ అంటే పూదండ. హేబర్లాండ్ అనే శాస్త్రవేత్త 1880లలో ఈ అమరిక వర్ణిస్తూ వాడిన మాట. నాళికాపుంజం చుట్టూ పెద్ద పెద్ద పచ్చటి కణాల తొడుగు, దాని చుట్టూ ఆకు లోపలి పత్రాంతర కణాలు, దండలో పూలు గుచ్చినట్టు. చెరకు, జొన్న, మొక్కజొన్నల్లో ఉండే సీ4 పద్ధతికి, అంటే ఎండ ఎక్కువైనా ఆహారం బాగా తయారుచేసుకునే తీరుకి, ఇదే ఇల్లు. గడ్డిజాతుల్లో ఇది మామూలే, వెడల్పాకు మొక్కల్లో తక్కువ. మన తోటకూర, పునర్నవ ఆ కొద్దివాటిలోవి. యుఫోర్బియాలో దాదాపు 2000 జాతులుంటే, నానబాలు చేరిన ఒక్క శాఖలోనే సుమారు 350 జాతులు సీ4 మొక్కలు. మండే ఎండలో, కాలే సిమెంటు పగుల్లో, చెంచాడు మట్టిలో ఈ మొక్క ఎలా పచ్చగా ఉంటుందంటే, జవాబులో సగం ఆ దండలో ఉంది.

అమ్మాయీ, ఆకు కోత కూడా వేయి. పాలనాళాలు ఆ ఈనెల వెంటే వెళ్లి, అక్కడి నుంచి పత్రాంతరంలోకి సన్నటి కొమ్మలు చాస్తాయి. ఒకే బొమ్మలో రెండూ చూపించొచ్చు.

ఇంకొకటి మర్చిపోవద్దు. స్రావక నిర్మాణాలు, అంటే ద్రవాలు తయారుచేసే భాగాలు, అనగానే అందరూ పాలనాళం దగ్గర ఆగిపోతారు. పూలగుత్తిలో ఒక్కొక్కటీ నిజానికి పువ్వు కాదు, సయాథియం. ఒక చిన్న గిన్నె, మధ్యలో ఒక ఆడపువ్వు, చుట్టూ ఒక్కో కేసరమే ఉన్న మగపువ్వులు, గిన్నె అంచున నాలుగు మకరంద గ్రంథులు. ఆ గ్రంథులు స్రవించేది బయటికి, పురుగుల కోసం. పాలనాళం తన సరుకు లోపలే దాచుకుంటుంది, గాయమైతే తప్ప బయటికి రాదు. కాండం మీద కేశాలు మాత్రం గ్రంథికేశాలు కావు, తులసి ఆకు మీది నూనె గ్రంథులతో పోల్చి రాయకు. ఆ తప్పు చాలామంది రికార్డుల్లో చూశాను.

పురుగుల_డైరీ (బుధవారం, మధ్యాహ్నం 12:48)

జువాలజీ వాణ్ణి, అయినా ఈ మొక్కతో నాకు పాత పరిచయం ఉంది. ఆ పాలలో బతికే ప్రాణి ఒకటుంది తెలుసా? 1909లో మారిషస్‌లో లఫాన్ అనే వైద్యుడు ఈ నానబాలు పాలని సూక్ష్మదర్శిని కింద పెడితే, తోకతో ఈదుతున్న ఏకకణ జీవులు కనబడ్డాయి. అప్పట్లో మొక్కని యుఫోర్బియా పిలులిఫెరా అనేవారు. కాలా అజార్ వ్యాధి కారకం లీష్మానియా డోనొవానీ అని వింటాం కదా, ఆ పేరులోని చార్లెస్ డోనోవన్ మద్రాసులో పనిచేసేవాడు. అదే 1909లో ఈ మొక్కల జీవులకి ఫైటోమోనాస్ అని పేరు పెట్టింది ఆయనే. మొక్కల రసం పీల్చే నల్లి జాతి పురుగులు ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి వీటిని మోస్తాయి.

మాస్టారు చెప్పింది చదివాక నాకు ఇప్పుడు అర్థమైంది. మధ్యలో గోడలే లేని గొట్టం కాబట్టి, ఒకసారి లోపలికి వెళ్తే కొమ్మ కొమ్మకీ ఈదుకుంటూ పోవచ్చు. ఆకలితో వచ్చిన పురుగు నోరు అంటుకుపోవడానికి మొక్క పెట్టుకున్న జిగురులోనే ఇంకొకటి ఇల్లు కట్టుకుంది.

అమెరికాలో మోనార్క్ సీతాకోకచిలుక గొంగళిపురుగు ఇంకో ఉపాయం చేస్తుంది. జిల్లేడు కుటుంబపు మొక్క ఆకు తినే ముందు ఈనెని కొరికేస్తుంది. పాలు అక్కడే కారిపోతాయి, తర్వాత ఆ ముందు భాగాన్ని తీరిగ్గా తింటుంది. అది చేసింది సరిగ్గా గోదావరి_గట్టు గారు బ్లేడుతో చేసిన పనే, నాళం ఖాళీ చేయడం.

తుమ్మిపూలు (బుధవారం, సాయంత్రం 5:30)

పొద్దున్నే వెలుతురుకి ఆకు పెట్టి చూశాను. నిజంగా పచ్చటి వల! పక్కనే తులసి ఆకు పెట్టి చూస్తే ఈనెలు తెల్లగా ఉన్నాయి. పక్కింటావిడకీ చూపించాను, నేల ఉసిరి తుంచి పాలు రావని కూడా. మా వాడికి మాత్రం దూరం నుంచే చూపించాను.

గోదావరి_గట్టు (గురువారం, రాత్రి 10:20)

మాస్టారూ, దొరికాయి!

మంగళవారం సాయంత్రమే రెండు మొక్కలు వేళ్లతో తీసి ఎఫ్.ఏ.ఏ.లో పెట్టాం. ఇవాళ మధ్యాహ్నం కోశాను. అడ్డుకోతల్లో మొదట ఏమీ తెలియలేదు. తర్వాత పోషక కణజాలం పక్కన కొన్ని గుండ్రటివి మాత్రం లోపల గోధుమరంగు పదార్థంతో నిండి, మందమైన గోడతో ఉన్నాయి. అవేనా కాదా అని నమ్మకం లేదు. నిలువుకోతలు ఎనిమిది పాడైపోయాయి. తొమ్మిదో దానిలో సూడాన్ వేస్తే వల్కలం పక్కగా ఒక నారింజరంగు గీత, స్లైడు ఈ చివర నుంచి ఆ చివరకి. మధ్యలో ఎక్కడా అడ్డుగోడ లేదు. పక్కన మృదుకణాలు ఇటుకల్లా వరసగా పేర్చి ఉంటే, వాటి మధ్య నుంచి ఇది పోతోంది. ఒకచోట రెండుగా చీలింది. ఆ చీలిన చిన్న కొమ్మ కొన రెండు కణాల మధ్య సన్నగా దూరి ఆగింది. మీరు చెప్పిన 'తోసుకుపోవడం' అదే అనుకుంటా. పావుగంట కళ్లు తీయలేదు.

పాలలో అయోడిన్ వేసి కూడా చూశాను. ముందు కాంతి ఎక్కువై ఏమీ కనబడలేదు. తగ్గించాక నీలంగా చిన్న చిన్న కడ్డీలు, కొన్నిటికి రెండు వైపులా గుబ్బలు. మా ల్యాబ్ అటెండర్ అన్న కూడా వచ్చి చూసి "ఎముకలే కదమ్మా ఇవి" అన్నారు. నేను ఆయనకి ముందు ఏమీ చెప్పలేదు.

రికార్డులో పాత అడ్డుకోత బొమ్మ కొట్టేయలేదు. దాని పక్కనే కొత్తవి వేసి, మొదటి దానిలో నాళాలు ఎందుకు కనబడలేదో కింద రాశాను. ఫొటోలు ఫోన్‌లో సరిగా రాలేదు, రేపు ఐపీస్‌కి అడాప్టర్ పెట్టి తీసి ఇక్కడ పెడతాను. ఒక్క సందేహం మిగిలింది సార్: ఆకు తొడిమ దగ్గర నాళం కాండంలోంచి ఆకులోకి ఎలా మలుపు తిరుగుతుందో చూడాలని ఉంది. ఆ కణుపు దగ్గర ఎలా కోయాలి?

కోతల_మాస్టారు (గురువారం, రాత్రి 10:58)

కణుపు కోయొద్దు. ఎఫ్.ఏ.ఏ.లో ఉన్న లేత కొమ్మ ఒకటి కడిగి, 5 శాతం సోడియం హైడ్రాక్సైడ్‌లో, గ్లౌజు వేసుకుని, అద్దంలా పారదర్శకం అయ్యేదాకా ఉంచు. ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. బాగా కడిగి, పల్చటి సాఫ్రనిన్ పెట్టి, కొమ్మని కోయకుండా మొత్తంగా స్లైడు మీద పడుకోబెట్టి చూడు. తొడిమ మీదకి కటకం తీసుకెళ్లి, నెమ్మదిగా ఫోకస్ పైకీ కిందకీ తిప్పు.